అమ్మమ్మ ఇంటి అడ్రసు

ఒడెస్సా ప్రూయిట్ వంటిల్లు పొద్దున ఆరింటికల్లా వెచ్చబడుతుంది. పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ కుతకుతా ఉడుకుతూ ఉంటుంది, ఓవెన్‌లో బిస్కెట్ రొట్టెలు పొంగుతూ ఉంటాయి. బయట షికాగో ఫిబ్రవరి. ఉప్పు చల్లిన మంచు మెట్ల మీద నల్లబడి పేరుకుపోయింది. డెబ్బై నాలుగేళ్ళ ఒడెస్సా ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో రేడియోలో భజన పాటల స్టేషన్ వెతుకుతోంది. ఇవాళ కూడా రోజూ లాంటి రోజే అనుకుంది ఆ పెద్దావిడ.

బల్ల దగ్గర మనవరాళ్ళిద్దరూ అప్పుడే తయారు. ఇద్దరికీ పద్నాలుగేళ్ళే. పెద్ద కూతురు మార్వా కూతురు నవోమి ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుంది, దాని మీద డన్‌మోర్ హైస్కూల్ ముద్ర. చిన్న కూతురు టెరీస్ కూతురు జనెల్, ఈ ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల, నాలుగిళ్ళ అవతల ఉన్న హార్‌గ్రోవ్ హైస్కూల్లో చదువుతోంది.

"ఏయ్ మొద్దూ, ఎన్నిసార్లు చెప్పాలే? ముందు రెండు పక్కలా భాగించు, తర్వాత వర్గమూలం తియ్యి" అని జనెల్ పెన్సిల్‌తో కాగితం మీద టకటకా కొట్టింది.

"నువ్వు చెప్తే అర్థమవుతుంది. మా సారు చెప్తే నిద్రొస్తుంది" అంది నవోమి నోటినిండా రొట్టెతో.

"నోరు మూసుకుని నమలవే, ఆ తర్వాత లెక్కలు" అని అమ్మమ్మ గరిటె చూపించింది.

ఈ బల్ల, ఈ లెక్కలు, ఈ రొట్టెలు సెప్టెంబరు నుంచీ ప్రతి స్కూలు రోజూ ఉన్నవే. నవోమి ఉండేది ఇక్కడ కాదు, బెవర్లీలో. అక్కడ మార్వాకి ఇటుకల బంగళా, వెనక తోట, నవోమికి సొంత గది ఉన్నాయి. భర్త విడిపోయి అట్లాంటా వెళ్ళిపోయినా, ఫార్మసిస్టు ఉద్యోగంతో ఇల్లు నిలబెట్టుకుంది మార్వా. అయినా తెల్లవారకముందే కూతుర్ని కారెక్కించి, తల్లి ఇంటికి తీసుకొచ్చి, ఈ వీధి బస్టాపులో స్కూలు బస్సు ఎక్కేలా చూస్తుంది. నలుగురూ చూడాలి కదా మరి!

ఎందుకీ తిప్పలంటే, డన్‌మోర్ ప్రభుత్వ స్కూలే, ఫీజు పైసా లేదు. కానీ అది మాగ్నెట్ స్కూలు. ఊళ్ళో పిల్లలంతా పరీక్ష రాసి పోటీ పడితే తప్ప గేటు దాటనివ్వరు. మార్కుల్లో రాష్ట్రానికి మొదటి స్థానం ఏళ్ళ తరబడి దానిదే. అందులో కొన్ని సీట్లు కేవలం మార్కులు చూసి ఇస్తారు. మిగతావాటి కోసం ఊళ్ళోని వీధులన్నిటినీ నాలుగు అంచెలు చేశారు. కలిగినవాళ్ళ వీధుల పిల్లలు తమలో తాము, లేనివాళ్ళ వీధుల పిల్లలు తమలో తాము పోటీ పడాలి. బెవర్లీ నాలుగో అంచె, అందరికన్నా పైది. ఒడెస్సా ఉండే వీధి మొదటి అంచె, అందరికన్నా కిందది. నవోమికి వచ్చిన మార్కులు పై అంచెలో ఎందుకూ కొరగానివి. కింది అంచెలో మాత్రం బొటాబొటిగా సరిపోయాయి. అందుకే మార్వా దరఖాస్తులో తల్లి అడ్రసు ఇచ్చింది.

తల్లికి మాత్రం ఆ ముక్క చెప్పలేదు. "నవోమికి సీటు మార్కుల మీదే వచ్చిందమ్మా. బస్సు పాసుకి నీ అడ్రసు వాడుకుంటాను, బెవర్లీ నుంచయితే మూడు బస్సులు మారాలి" అంది. ఒడెస్సా నమ్మింది. కన్నకూతురి మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతుంది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒడెస్సా అసలు పట్టుకోవాలనే అనుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని మార్వా తనకు తానే చెప్పుకోదు. తెలిసినదాన్ని ఒక మూలన పెట్టి, మీద గుడ్డ కప్పేసి, దాని పక్కనుంచే రోజూ నడిచి వెళ్తూ ఉంటుంది.

ఆ రోజు మార్వా కూతుర్ని దింపి వెళ్ళిపోలేదు. ఒక పెట్టె, దుప్పటి, దిండు, చుట్టిన బొమ్మల కాగితాలు మోసుకుంటూ వెనక వాకిలి గుండా లోపలికొచ్చింది.

"ఇల్లు మారుతున్నావా ఏమిటే?" అంది ఒడెస్సా.

"బస్సు పాసుల తనిఖీకి స్కూలు బోర్డు మనిషెవరో తిరుగుతున్నాడటమ్మా. నిన్న పక్క వీధిలో రెండిళ్ళకి వెళ్ళాడట. నవోమి ఇక్కడే ఉంటున్నట్టు కనిపించాలి. రెండు మూడు రోజులే."

"బస్సు పాసుకి మంచం ఎందుకే?"

"నువ్వు ఊరుకో అమ్మా, నాకు మందుల షాపుకి టైమవుతోంది" అని మార్వా హాల్లోంచి జనెల్ గదిలోకి దూరింది.

నిజానికి అది బస్సు పాసుల గొడవ కాదు. కిందటి వారం పేపర్లో డన్‌మోర్ గురించి పెద్ద వార్త వచ్చింది. సగం వార్త పొగడ్త, మళ్ళీ రాష్ట్రంలో మొదటి స్థానమని. మిగతా సగం పిల్లల లెక్క. ఒకప్పుడు సగానికి సగం నల్లపిల్లలుండే స్కూల్లో ఇప్పుడు వందకి ఏడుగురే మిగిలారని, ఇక కింది అంచె సీట్లలో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది నిజంగా ఆ వీధుల్లో ఉంటున్నారో దేవుడికే తెలియాలని రాశారు. దాంతో బోర్డు మేలుకుంది. చదివిన దగ్గర్నుంచీ మార్వాకి తిండి సయించలేదు. ఆ సీటు పోతే కూతురి బతుకే పోయినట్టు ఆమెకి. తను కూడా డన్‌మోర్‌లోనే చదివింది, ఈ ఇంటి నుంచే, ఆ సగం మందిలో ఒకతిగా. ఆ స్కూలే లేకపోతే ఫార్మసిస్టు తెల్ల కోటు లేదు, బెవర్లీ లేదు. అది తన హక్కు, తన తర్వాత తన కూతురి హక్కు, అంతే.

జనెల్ గదిలో కిటికీ పక్క మంచం ఒకటి, గోడకి ఆనించిన మడత మంచం ఒకటి ఉన్నాయి. మార్వా కిటికీ పక్క మంచం మీది దుప్పటి లాగేసి నవోమి దుప్పటి పరిచింది. గోడ మీద జనెల్ వేసుకున్న వంతెనల బొమ్మలు పీకి నవోమి బొమ్మలు అంటించబోయింది. అప్పుడు జనెల్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇటివ్వండి ఆంటీ. అలా లాగితే చిరుగుతాయి, నేను తీస్తాను" అని ఒక్కొక్కటే మెల్లగా ఊడదీసి, తన పుస్తకాలతో పాటు అట్టపెట్టెలో సర్దుకుని, పెట్టెను హాల్లో గోడ పక్కన పెట్టింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని మార్వాకి అనిపించింది. ఆ పిల్ల నెమ్మది ఆమెకి గుచ్చుకుంది.

"బంగారు తల్లివే" అంది మార్వా, నోటికేదో ఒకటి కావాలి గనక.

ఇంతలో బెల్లు మోగింది.

వచ్చినాయన పేరు జెలిన్‌స్కీ. యాభై దాటిన మనిషి, చలికి ముక్కు ఎర్రబడింది. గుమ్మం దగ్గర పట్టా మీద బూట్లు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. "ఇంత పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నానండీ, మిసెస్ ప్రూయిట్. అయిదు నిమిషాలు చాలు" అన్నాడు.

"చలిలోంచి వచ్చారు, ముందు కూర్చోండి. కాఫీ తాగుతారా? రొట్టెలు వేడిగా ఉన్నాయి" అంది ఒడెస్సా. ఆ ఇంటికి పోలీసొచ్చినా ముందు రొట్టె తినాల్సిందే.

ఆయన కాఫీ ఒక్కటే పుచ్చుకున్నాడు. మార్వా చేతులు కట్టుకుని ఫ్రిజ్ పక్కన నిలబడింది.

"బస్సు పాసు గురించే కదండీ" అంది ఒడెస్సా.

"బస్సు పాసా? కాదండీ, సీటు గురించి. మీ మనవరాలు నవోమి ఈ వీధుల పిల్లలకని పక్కన పెట్టిన సీట్లలో చేరింది. మొదటి అంచెలో. అందులోనూ ఆఖరి సీటు ఆమెది. ఆఖరి మార్కుల దగ్గర ఉన్నవాళ్ళందర్నీ చూసి రమ్మన్నారు."

"ఆఖరిదా?" అంది ఒడెస్సా.

"అవునండీ. తర్వాతివాళ్ళంతా వెయిటింగ్ లిస్టే."

బల్ల తుడుస్తున్న ఒడెస్సా చేతిలో గుడ్డ ఆగిపోయింది. కిందటి ఏప్రిల్‌లో ఈ వంటింట్లోనే ఫోను తీసింది ఆమే. జనెల్ ప్రూయిట్ పేరు మొదటి అంచె వెయిటింగ్ లిస్టులో అన్నిటికన్నా ముందుందని, ఒక్క బిడ్డ సీటు వదులుకుంటే జనెల్‌కి వస్తుందని స్కూలువాళ్ళు చెబితే, ఫోను పెట్టేసి వంటింట్లోనే గంతేసింది. ఆ ఒక్క సీటు ఏ బిడ్డా వదల్లేదు.

ఆమె మెల్లగా తల తిప్పి పెద్ద కూతురి వంక చూసింది. మార్వా నేల చూపులు చూసింది.

"చెప్పండి మిసెస్ ప్రూయిట్. నవోమి ఇక్కడే ఉంటుందా?"

రేడియోలో ఎవరో ఆడమనిషి దేవుడి పాట పాడుతోంది. ఒడెస్సా ప్రూయిట్ నలభై ఏళ్ళుగా చర్చి గుమ్మం దగ్గర అషర్‌గా నిలబడే మనిషి. తెల్ల యూనిఫారం, తెల్ల చేతి తొడుగులతో అందర్నీ లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడుతుంది. ఆవిడ అబద్ధమాడగా విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. నిజం చెప్పిందా, ఒక మనవరాలు వీధిన పడుతుంది. చెప్పలేదా, రెండో మనవరాలిని రెండోసారి తొక్కినట్టవుతుంది. ఆమె పెదవులు విడివడ్డాయి.

"ఇక్కడే ఉంటుంది సార్" అంది జనెల్, అమ్మమ్మ కన్నా ముందు. "కిటికీ పక్క మంచం తనది. మడత మంచం నాది. రాత్రంతా గురక పెడుతుంది, కావాలంటే రాసుకోండి."

జెలిన్‌స్కీ నవ్వేశాడు. గదిలోకి తొంగి చూశాడు. దుప్పటి చూశాడు, గోడ మీది బొమ్మలు చూశాడు. తన కార్డు బల్ల మీద పెట్టి, కాఫీకి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. గండం గడిచింది. కానీ ఆ వంటింట్లో ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

సరిగ్గా అప్పుడే ముందు తలుపు తోసుకుని టెరీస్ వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసి, కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది. హాల్లో అట్టపెట్టె కాలికి తగిలింది. ఒంగి చూసింది. పైన కూతురి వంతెనల బొమ్మలు.

"ఇవెవరు పీకారు? ఆ మెట్ల మీద కనిపించినాయన ఎవరు? ఎవరైనా చెప్తారా?"

ఒడెస్సాయే చెప్పింది. గొంతు పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు, మొదటి నుంచి చివరి దాకా. టెరీస్ కోటు కూడా విప్పకుండా విన్నది.

"సీటు చాల్లేదా మార్వా? మంచం కూడా కావాల్సొచ్చిందా?" అంది చివరికి.

"టెరీస్, నా మాట విను..."

"ఏం వినాలి? నా పిల్ల ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఫోను పక్కనే పడుకుంది. తనకి చాలినన్ని మార్కులు రాలేదని నన్నే ఓదార్చింది. ఎన్నిసార్లు వచ్చావు నువ్వు ఈ ఇంటికి? పీచ్ పళ్ళ కేకు తెచ్చావు, భుజం తట్టావు, 'వచ్చేసారి చూద్దాంలే' అన్నావు. ఏ నోటితో అన్నావే?"

"మరి నన్నేం చెయ్యమంటావు?" మార్వా కూడా గొంతు పెంచింది. తప్పు చేసిన మనిషికి గొంతే దిక్కు. "నేను చదివినప్పుడు మనవాళ్ళు సగం మంది. ఇవాళ వందకి ఏడుగురు! ఊరికి ఉత్తరాన ఉండే కలిగినవాళ్ళు అయిదో క్లాసు నుంచే ట్యూషన్లు పెట్టి, మాస్టర్లని ఇంటికి రప్పించి పిల్లల్ని తయారు చేస్తున్నారు. వాళ్ళలో ఎంతమంది అడ్రసులు మార్చలేదో నీకు తెలుసా? అందరూ ఆడే ఆటే నేనూ ఆడాను. నా కూతుర్ని ఏం చేసుకోమంటావు?"

"అందరూ ఎవరివో సీట్లు కొట్టేశారేమో. నువ్వు ఇంట్లో దాన్నే కొట్టేశావు. ఆ ఏడుగురిలో నా కూతురుండాలి మార్వా. దాన్ని లేపి నీ కూతుర్ని కూర్చోబెట్టి, మనవాళ్ళు తగ్గిపోయారని నాకు చెప్తున్నావు! కంచే చేను మేస్తే ఇంక ఎవడితో మొరపెట్టుకోను?"

"నాకు తెలీదు, జనెల్ పేరే తర్వాత ఉందని..."

"అబద్ధం" అంది నవోమి.

అంతవరకూ బల్ల దగ్గర కదలకుండా కూర్చున్న పిల్ల. రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

"నీకు తెలుసమ్మా. ఆఖరి మార్కు ఎంతో పేపర్లో వేసినప్పుడు నువ్వే చూసి, 'అమ్మయ్య, సరిగ్గా మనదే' అన్నావు. ఆ మర్నాడే అమ్మమ్మ ఫోను చేసి జనెల్ సంగతి చెప్పింది. నువ్వు ఫోను పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు." ఆ పిల్ల కళ్ళనుంచి నీళ్ళు జారాయి. "జనెల్‌కీ తెలుసు. స్కూలు తెరిచిన వారమే నీకెన్ని మార్కులే అనడిగింది. చెప్పాను. అది మొదటి అంచె ఆఖరి మార్కని దానికి అర్థమైపోయింది. ఇద్దరం ఇంట్లో చెప్పకూడదనుకున్నాం."

మార్వా మూలన కప్పి పెట్టిన గుడ్డని సొంత కూతురే లాగేసింది. ఆమె కుర్చీలో కూలబడింది.

"అక్కడ నన్నేమడుగుతారో తెలుసా అమ్మా?" నవోమి ఆపలేదు. "ఏ అంచె నీది అంటారు. మొదటిదంటాను. 'ఓహో, అలా వచ్చావా' అని ఒక చూపు చూస్తారు. ఒక టీచరు నాకు కోటు లేదేమోనని తన కూతురి పాత కోటు తెచ్చిచ్చింది. తీసుకుని థాంక్స్ చెప్పాను. ఏం చెప్పను, మాకు బెవర్లీలో బంగళా ఉందనా? క్లాసులో చివర్నుంచి రెండో ర్యాంకు నాది. జనెల్ లేకపోతే లెక్కల్లో ఎప్పుడో తప్పేదాన్ని."

టెరీస్ కూతురి వైపు తిరిగింది. "తెలిసి కూడా దీనికి లెక్కలు చెప్తున్నావా?"

జనెల్ భుజాలెగరేసింది. "సీటు ఎలాగూ పోయింది కదమ్మా. అందులో కూర్చున్నది ఫెయిలైతే ఇంకా దండగ."

"మరి ఆయనతో అబద్ధమెందుకు చెప్పావే పిచ్చిదానా? నిజం చెప్తే నీ కసి తీరేది కదా!"

"అమ్మమ్మ నోరు తెరిచింది" అంది జనెల్. "నవోమి కోసం అబద్ధమాడేస్తుందేమోనని భయమేసింది. అమ్మమ్మ ఎప్పుడూ ఆడలేదు కదా. నేనైతే పర్లేదు. నేను ఇంతకు ముందు కూడా ఆడాను."

ఒడెస్సా పొయ్యి ఆర్పేసింది. రేడియో కట్టేసింది. బల్ల పట్టుకుని, పెద్ద కూతురి ఎదురుగా నిలబడింది.

"మార్వా, నేను తిట్టను. తిట్టే వయసు నాకూ దాటింది, తిట్టించుకునే వయసు నీకూ దాటింది. ఒక్కటి చెప్తాను విను. వేసవంతా ప్రతి బుధవారం ప్రార్థనకి వెళ్ళానా? మోకాళ్ళు అరిగేలా వంగి ఏమడిగాను? 'ప్రభువా, ఎవరో ఒక బిడ్డ ఆ సీటు వదిలేలా చెయ్యి, మా జనెల్‌కి దారి చూపించు' అని ఏడ్చాను. పైకే అడిగాను, అందరూ వినేలా. నువ్వు నా పక్కనే మోకరించావు. నా చెయ్యి పట్టుకున్నావు." ఒడెస్సా తన అరచెయ్యి తెరిచి చూసుకుంది. "పట్టుకుని, ఆమెన్ అన్నావే తల్లీ."

మార్వా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆ మాట ముందు ఏడుగురి లెక్క నిలవదు, ఉత్తరాన ఉండేవాళ్ళ ట్యూషన్ల లెక్కా నిలవదు. ఆమెన్ అన్న గొంతు తనదే.

ఆ రోజు నవోమి బస్సు తప్పిపోయింది, జనెల్ కూడా స్కూలుకి వెళ్ళలేదు.

ఆదివారం చర్చిలో ఒడెస్సా గుమ్మం దగ్గర నిలబడలేదు. తెల్ల యూనిఫారం వేసుకోలేదు. ముదురు నీలం గౌనులో, వట్టి చేతులతో వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. నలభై ఏళ్ళలో ఎన్నడూ లేని వింత అది. చర్చి ఆడవాళ్ళు ఒకరి చెవులు ఒకరు కొరుక్కున్నారు.

"ఒంట్లో బాగాలేదా సిస్టర్ ప్రూయిట్?" అని ఒకావిడ ఒంగి అడిగింది.

"ఒళ్ళు బాగానే ఉందమ్మా. చేతులే శుభ్రంగా లేవు" అంది ఒడెస్సా.

రెండు వరసల ముందు కూర్చున్న మార్వాకి ఆ మాట వినిపించింది. అబద్ధం తన తల్లి ఆడలేదు. కానీ ఆ తల్లి ఇంట్లో, ఆమె కళ్ళెదుట, ఆమెని కాపాడ్డానికి ఒక పసిపిల్ల ఆడింది. ఆడించింది మార్వా. పాట మొదలైంది, అందరూ లేచారు. మార్వా లేవలేకపోయింది. ముందు బెంచీ మీద తల ఆనించి, పైకొచ్చిన ఏడుపుని లోపలే తొక్కిపట్టింది. పక్కన నవోమి తల్లి వీపు మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యబోయి ఆగిపోయినట్టు ఆ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

సోమవారం మార్వా షాపు వెనక గదిలోంచి జెలిన్‌స్కీకి ఫోను చేసింది. మూడు ముక్కల్లో నిజం చెప్పింది. అవతల ఆయన కాగితాలు తిరగేశాడు.

"మీ అంతట మీరే చెప్పారు, అది రాస్తాను. కానీ సీటు ఉండదండీ. ఈ నెలాఖరుకి పాపని మీ వీధి స్కూలుకి మార్చుకోవాలి."

"తెలుసు. ఆ సీటు... వెయిటింగ్ లిస్టులో ముందున్న అమ్మాయికి ఇస్తారా?"

"ఇవ్వరండీ. ఆ లిస్టు ఆగస్టుతోనే రద్దయిపోయింది. ఈ ఏడాదికి ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. వచ్చే ఏడాది ఖాళీలు వేస్తే, మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చు."

మార్వా ఫోను పెట్టేసింది. తప్పు దిద్దుకుంటే జరిగిన నష్టం తిరిగొస్తుందని ఎక్కడో ఆశ ఉండేది. అదీ పోయింది. తను ఇద్దరు పిల్లల మధ్య ఒక్క కుర్చీ లాక్కుంది. ఇప్పుడందులో ఇద్దరూ లేరు. రాష్ట్రంలో మొదటి స్థానం మాత్రం ఆ స్కూలుదే, దానికేం లోటు రాలేదు.

నవోమికి చెబితే ఏడుస్తుందనుకుంది. ఆ పిల్ల "సరే" అంది. "ఆ కోటు టీచరుకి ఇచ్చెయ్యాలి, నాతో వస్తావా?" అనడిగింది. మార్వా వెళ్ళింది. కోటు చేతికిచ్చి, అది తమకెందుకు అవసరం లేదో ఆ టీచరు మొహం చూస్తూ చెప్పింది.

ఆ శనివారం సాయంత్రం మార్వా తల్లి ఇంటికి ఒక్కతే వెళ్ళింది. తలుపు జనెల్ తీసింది. హాల్లో అట్టపెట్టె లేదు. గదిలో వంతెనల బొమ్మలు మళ్ళీ గోడకెక్కాయి.

"జనెల్" అంది మార్వా. వచ్చే దారంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నిన్ను క్షమించమని అడగను. నీకు పద్నాలుగేళ్ళు, నేను అడిగితే నువ్వు సరేనంటావు. అది నాకొద్దు. పెద్దయ్యాక నీకు ఎప్పుడు తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టు. వచ్చి నిలబడతాను."

జనెల్ గోడ మీది బొమ్మల వైపు చూసింది. "ఇప్పుడు కొంచెం తిట్టొచ్చా ఆంటీ?"

"తిట్టు తల్లీ."

"మీరు నా బొమ్మలు పీకుతుంటే నాకు ఏడుపొచ్చింది" అంది ఆ పిల్ల. అంతే అంది. మార్వాకి అదే చాలా ఎక్కువైంది.

వంటింట్లో ఒడెస్సా టీ తాగుతోంది. కూతుర్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫోను సంగతి నవోమి అప్పటికే చెప్పేసింది.

"రేపు గుమ్మం దగ్గర నిలబడతావా అమ్మా?" అంది మార్వా.

"తొడుగులు మాసి ఉన్నాయి."

"ఎక్కడున్నాయి?"

ఒడెస్సా సొరుగు వైపు చూసింది. చిన్నప్పుడు ప్రతి శనివారం సాయంత్రం ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళ పని అదే. ఒకరు కుడి తొడుగు, ఒకరు ఎడమ తొడుగు ఉతికి, ఖాళీ సోడా సీసాలకి తొడిగి హీటర్ పక్కన ఆరబెట్టేవాళ్ళు. ఎవరిది ఎక్కువ తెల్లగా ఉందని కొట్టుకునేవాళ్ళు. మార్వా చేతులు పైకి మడుచుకుని సింకులో గోరువెచ్చని నీళ్ళు పట్టింది. సబ్బు రుద్దింది. మాసింది ఎక్కడా కనిపించలేదు. తొడుగులు తెల్లగానే ఉన్నాయి. అయినా రుద్దుతూనే ఉంది, కన్నీళ్ళు సబ్బు నీళ్ళలో పడుతున్నా తుడుచుకోలేదు.

డ్యూటీకి బయల్దేరుతూ టెరీస్ వంటింట్లోకి వచ్చింది. గుమ్మంలో నిలబడి అక్క వీపు కాసేపు చూసింది. తర్వాత సంచీ కుర్చీలో పడేసి, వచ్చి పక్కన నిలబడి, నీళ్ళలోంచి రెండో తొడుగు తీసుకుంది. మార్వా తలెత్తి ఏదో అనబోయింది.

"మాట్లాడకు" అంది టెరీస్, తొడుగు వేళ్ళ సందులు రుద్దుతూ. "నేనింకా నిన్ను క్షమించలేదు. తొడుగులు రెండున్నాయి, అందుకని."

ఒడెస్సా లేచి, అలమారలోంచి ఖాళీ సీసాలు రెండు తీసి, హీటర్ పక్కన పెట్టింది.